ముందు ఆ రాజధానిని చెరిపేయండి

ప్రశ్న: సార్, నేనొక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో ఐజెన్‌మార్క్ అని జర్మన్ మాట్లాడే సామ్రాజ్యం ఒకటి ఉంది. నట్టనడుమ పెద్ద రాజధాని, అన్ని రోడ్లూ అక్కడికే. ఉత్తరాన మంచుకొండలు. జనమంతా నవ్వని సైనికులు. మ్యాప్ గీసి చూస్తే ప్రాణం లేనట్టుంది. లోపం ఎక్కడ?

జవాబు: రాజధాని దగ్గరే ఉంది. ముందు దాన్ని చెరిపేయండి.

మీరు గీసింది 1871లో బెర్లిన్ కేంద్రంగా ఏర్పడిన జర్మనీని. కత్తులూ కోటలూ మంత్రగాళ్లూ తిరిగే కథకు అంతకన్నా పాతది కావాలి. పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని చూడండి. పేరులో రోమ్ ఉన్నా, అది ఎక్కువగా జర్మన్ రాజ్యాలూ ఊళ్లూ కలిసిన గుంపు. 962లో జర్మన్ రాజు ఒట్టో చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్నప్పటి నుంచి లెక్కేసినా 1806 దాకా బతికింది. అన్ని శతాబ్దాల్లో దానికి స్థిరమైన రాజధాని అంటూ లేదు. 1356లో బంగారు ముద్ర వేసి ఇచ్చిన శాసనం ప్రకారం రాజును ఎన్నుకోవాల్సింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో, కిరీటం పెట్టాల్సింది ఆఖెన్‌లో. ఆ కిరీటం 1424 నుంచి దాచిపెట్టింది న్యూరెంబర్గ్‌లో. 1663 నుంచి సామ్రాజ్య సభ కూర్చున్నది రేగెన్స్‌బర్గ్‌లో. పెద్ద కోర్టు చివరి వందేళ్లకు పైగా వెట్జ్‌లార్ అనే చిన్న ఊళ్లో నడిచింది. ఆ కాలంలో చక్రవర్తి నివాసమేమో ఎక్కువగా వియన్నా. ఒక్క అర్జీ చేతికిచ్చి మీ కథానాయకుణ్ణి ఈ ఊళ్లన్నీ తిప్పితే చాలు, సగం నవల అయిపోతుంది.

ఇలా ఎందుకైందో నదులు చెబుతాయి. రైన్ ఆల్ప్స్‌లో పుట్టి ఉత్తర సముద్రంలో కలుస్తుంది. ఎల్బే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి దిగి హాంబర్గ్ మీదుగా అదే సముద్రానికి పోతుంది. ఓడర్ బాల్టిక్‌కి. డాన్యూబ్ వీటితో సంబంధం లేనట్టు తూర్పుకు తిరిగి నల్ల సముద్రం దాకా వెళ్తుంది. సరుకు ఎటు పోతే వర్తకుడి చూపు అటే. కొలోన్ వాడికి నెదర్లాండ్స్ దగ్గర, ల్యూబెక్ వాడికి స్కాండినేవియా దగ్గర. ఆగ్స్‌బర్గ్ వాడి బండ్లు ఆల్ప్స్ దాటి వెనిస్‌కి పోతాయి. నడుమనున్న గద్దె వైపు తిరిగి చూడాల్సిన అవసరం వీళ్లలో ఎవరికీ రోజూ రాదు. అలాంటి చోట చక్రవర్తి హుకుం జారీ చేసి ఊరుకుంటే పని జరగదు, బేరమాడాలి.

మంచుకొండల్ని దక్షిణానికి మార్చండి. ఉత్తరమంతా చదును. ఇసుక నేల, చిత్తడి, పొదలు. (మంచు కోట అంటేనే నాకు విసుగు. ఎవరి నవల తెరిచినా అదే.) మధ్యలో హార్జ్ లాంటి ఎత్తు తక్కువ అడవి కొండలు పెట్టండి, వాటిలో వెండి గనులు పెట్టండి. ఫ్రైబర్గ్‌లో 1168లో వెండి బయటపడగానే గని పనివాళ్లు పరుగెత్తుకొచ్చి ఒక ఊరే లేపారు. నన్నడిగితే వెండికన్నా ఉప్పులోనే కథ ఎక్కువ. ల్యూనెబర్గ్ ఉప్పు ల్యూబెక్ చేరాలి, అక్కణ్ణుంచి ఓడల్లో హెర్రింగ్ చేపలు పట్టే తీరాలకు పోవాలి. ఉప్పు అందకపోతే చేప కుళ్లిపోతుంది. 1398 నాటికి ఆ ఉప్పు కోసం కాలువే తవ్వేశారు. ఇక రైన్ మీద సుంకాలు. కౌబ్ దగ్గర నది మధ్య బండ మీద కట్టిన సుంకం కోట ఇప్పటికీ ఉంది. పడవ వాడు కాస్త దూరం పోగానే ఇంకో దొర మనిషి చెయ్యి చాపుతాడు. మీ మంత్రగాడు రాజ్యాన్ని కాపాడటానికి పోతున్నా సరే, సుంకం కట్టే పోవాలి.

మనుషుల స్వభావం కూడా ఇందులోంచే వస్తుంది. నవ్వని సైనికులు వద్దు. పాత కాగితం పట్టుకుని వదలని మొండి మనుషులు కావాలి. 1495లో రాజు మాక్సిమిలియన్ దొరల సొంత యుద్ధాలు నిషేధించి పెద్ద కోర్టు పెట్టించాక, తర్వాతి కాలంలో పల్లె రైతులు కూడా తమ దొరల మీద కేసులు నడిపారు. 1525లో మెమ్మింగెన్‌లో తిరగబడ్డ రైతులు చేసిన పని చూడండి. తమ డిమాండ్లను 12 అంశాలుగా రాసి అచ్చు వేయించారు. అడవిలో కట్టెలు, ఏట్లో చేపలు, ఊరి పాస్టర్‌ని తామే ఎంచుకునే హక్కు. ఆ తిరుగుబాటును దొరలు నెత్తుటిలో ముంచారు. కానీ మీ పాత్రలు ఎలా మాట్లాడాలో ఆ కాగితంలో ఉంది.

ప్రశ్న: అయితే నా చక్రవర్తి చేతకానివాడా? అతనే విలన్ మరి!

జవాబు: చేతకానివాడు కాదు, చేతులు కట్టేసినవాడు. అతణ్ణి ఎన్నుకునేది ఏడుగురు: మైంజ్, ట్రియర్, కొలోన్ ఆర్చ్‌బిషప్పులు, బొహీమియా రాజు, రైన్ పాలటినేట్ కౌంట్, సాక్సనీ డ్యూక్, బ్రాండెన్‌బర్గ్ మార్గ్రేవ్. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత వాళ్లకు రొట్టె, నీళ్లు మాత్రమే పెట్టాలని 1356 శాసనంలోనే ఉంది. ఇంత మంచి సీను చేతిలో ఉండగా వంశపారంపర్య సింహాసనం ఎందుకండీ?

చక్రవర్తి ఐదవ చార్లెస్‌ని గమనించండి. స్పెయిన్ అతనిదే, అమెరికాలో కొత్త రాజ్యాలూ అతనివే. 1521లో వోర్మ్స్ ఊళ్లో జరిగిన సామ్రాజ్య సభలో, పోప్‌ని ధిక్కరించిన మతగురువు మార్టిన్ లూథర్‌ని విచారించి, చట్టానికి వెలి అని ప్రకటించాడు. ఆ ఏడుగురు ఎన్నికదారుల్లో ఒకడైన సాక్సనీ డ్యూక్ లూథర్‌ని దారిలో కిడ్నాప్ చేసినట్టు నాటకమాడించి తన వార్ట్‌బర్గ్ కోటలో దాచేశాడు. అంతటి చక్రవర్తి ఏమీ చేయలేకపోయాడు. మీ విలన్‌కి కోపం రావాల్సింది ఇలాంటి చోట.

ప్రశ్న: అందరూ ఒకే జర్మన్ మాట్లాడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఉత్తర తీరపు నావికుడి మాట ఆల్ప్స్ పశువుల కాపరికి ఎక్కదు. పైగా అదే సామ్రాజ్యంలో చెక్, ఇటాలియన్, ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లూ ఉండేవారు. లూథర్ ఆ కోటలో దాక్కున్నప్పుడే బైబిల్లోని కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు, 1522లో అచ్చయింది. అందరికీ అందే రాత భాష ఒకటి కుదురుకోవడానికి అది చాలా సాయపడింది. మీ ఐజెన్‌మార్క్‌లో అచ్చు యంత్రం ఇంకా రాలేదంటే సరిహద్దు దాటిన ప్రతిసారీ మీ కథానాయకుడికి ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ కొంచెం అబద్ధాలకోరైతే ఇంకా మంచిది.