పునరుజ్జీవనం 1453తోనే మొదలైందా? ప్రాటోలో ఒక వర్తకుడి చిట్టాలు చూశాక నాకు తోచిన సమాధానం

"మధ్యయుగ సమాజం పోయి సాంస్కృతిక పునరుజ్జీవనం ఎలా వచ్చింది? 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నప్పుడు గ్రీకు పండితులు ఇటలీకి పారిపోయి రావడమే కారణమని మా పుస్తకంలో ఉంది. అది సరైనదేనా?" అని అడిగారు. పరీక్షలో ఆ సంవత్సరం ఇచ్చి గుర్తించమంటే గుర్తించండి, మార్కు పోగొట్టుకోవద్దు. కానీ తేదీలు వరుసగా పెట్టి చూస్తే ఆ వివరణ నిలబడదు. ఇటలీ కవి పెట్రార్క్ వెరోనాలో ప్రాచీన రోమన్ వక్త సిసెరో లేఖలను వెలికితీసింది 1345లో. గ్రీకు పండితుడు మాన్యుయెల్ క్రిసొలొరాస్‌ను ఇటలీలోని ఫ్లోరెన్సు నగరం పిలిపించి గ్రీకు చెప్పించుకోవడం మొదలుపెట్టింది 1397లో. ఫ్లోరెన్సు ప్రధాన చర్చి మీది గోపురం 1436 నాటికే పూర్తయింది. దాన్ని కట్టిన బ్రూనెల్లెస్కీ 1446లోనే కన్నుమూశాడు. చిత్రకారుడు మసాచో అంతకుముందే, 1428లో పోయాడు. 1453 తరువాత వచ్చిన గ్రీకు పండితులు, వారు తెచ్చిన అమూల్యమైన చేతిరాత గ్రంథాలు అప్పటికే పారుతున్న ఏటికి నీరు పెంచాయనవచ్చు గాని, ఏరు పుట్టింది అక్కడ కాదు.

నేను చరిత్ర అధ్యాపకుణ్ణి కాను, ఖాతాలు తనిఖీ చేసి బతికేవాణ్ణి. బట్టల ఎగుమతి వ్యాపారం లెక్కల పని మీద రెండేళ్ళు ప్రాటోలో ఉన్నాను. అది ఫ్లోరెన్సుకు రైలులో అరగంట దూరంలో ఉన్న పాత నేతపని పట్టణం. అక్కడ ఫ్రాంచెస్కో దాతీనీ అనే వర్తకుడి ఇల్లు ఉంది. ఒక ఆదివారం ఊరికే కాలక్షేపానికి లోపలికి వెళ్ళాను. ఆయన లెక్కల పుస్తకాల మొదట్లో "దేవుని పేరిట, లాభం పేరిట" అని రాయించేవాడని అక్కడి మార్గదర్శకురాలు చదివి వినిపించినప్పుడు ఒళ్ళు జలదరించింది. మా నాన్నగారి బట్టల కొట్టులో ఉగాది నాడు కొత్త చిట్టా తెరిచి, నాలుగు మూలలా పసుపు రాసి, "శ్రీ" చుట్టి, దాని కింద "లాభం" అని రాసేవారు. ధాన్యం కొలిచేవారు కూడా ఒకటి అనకుండా "లాభం" అనే మొదలుపెట్టడం మీలో చాలామంది వినే ఉంటారు. ఆరువందల ఏళ్ళ నాటి ఆ పరాయి మనిషి నాకు ఆ క్షణంలో మా బజారు మనిషిలా అనిపించాడు.

ఈ దాతీనీ కథలోనే మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఉందని నా అభిప్రాయం. ఆయన 1335 ప్రాంతంలో ఒక పూటకూళ్ళ ఇంటివాడికి పుట్టాడు. 1348 ప్లేగు ఆయన తల్లిదండ్రులను, ఇద్దరు తోబుట్టువులను ఒక్కసారిగా తీసుకుపోయింది. ఆ ఏడు ఫ్లోరెన్సు జనాభాలో సుమారు సగం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవారికి కూలి పెరిగింది, చనిపోయినవారి ఆస్తులు కొద్దిమంది చేతుల్లోకి చేరాయి, పుట్టుకతో వచ్చిన స్థానం శాశ్వతమన్న నమ్మకం సడలింది. పదిహేనేళ్ళ దాతీనీ కొద్దిపాటి పైకంతో, అప్పట్లో పోపు కొలువుండే ఆవిన్యోన్‌కు వెళ్ళి, ఆయుధాలతో మొదలుపెట్టి దొరికిన సరుకల్లా అమ్మి, 1383లో ధనికుడై ప్రాటోకు తిరిగి వచ్చాడు. భూమీ వంశమూ లేని అనాథ ఇంతవాడు కావడం పాత సమాజపు చట్రంలో ఇమిడే సంగతి కాదు.

అయితే ప్లేగు ఒక్కటే కారణమని నేను అనను. అదే మహమ్మారి కైరోను కొట్టింది, పారిస్‌ను కొట్టింది. ఫ్లోరెన్సులో తేడా ఏమిటంటే, ప్లేగు వచ్చేనాటికే అక్కడ రాయడం, లెక్కపెట్టడం సామాన్యుల ఇళ్ళలోకి వచ్చేసింది. 1338 నాటి ఫ్లోరెన్సులో వెయ్యిమందికి పైగా పిల్లలు లెక్కల బడులకు వెళ్ళేవారని విల్లానీ అనే ఆనాటి చరిత్రకారుడు నమోదు చేశాడు. ఆ బడుల్లో నేర్పినవి మన దేశపు అంకెలే. పీసా నివాసి ఫిబొనాచి వాటిని 1202లో తన గ్రంథంలో భారతీయుల అంకెలుగానే పరిచయం చేశాడు. 1299లో ఫ్లోరెన్సు నాణేల మారకందారుల సంఘం ఆ అంకెలతో ఖాతాలు రాయడాన్ని నిషేధించింది. సున్నాను ఆరుగానో తొమ్మిదిగానో దిద్దే వీలుందని భయం కాబోలు. తనిఖీదారుగా ఆ భయం నాకు బాగా అర్థమవుతుంది. దీనికి తోడు ఫాబ్రియానోలో తయారయ్యే కాగితం తోలు పత్రాల కన్నా చౌకగా దొరకసాగింది. దాతీనీ వదిలివెళ్ళిన ఉత్తరాలే సుమారు 1,50,000. వాటిని 1870లో ఆ ఇంట్లోనే మెట్ల కింద కనుగొన్నారు. ఆ కాగితాలు పండితుల లాటిన్‌లో కాక వాడుక భాషలో ఉన్నాయన్నది గమనించాలి. ఆయన భార్య మార్గెరీతా నడివయసులో పట్టుబట్టి రాయడం నేర్చుకుని భర్తకు స్వహస్తంతో ఉత్తరాలు రాసింది.

లెక్కల బడికి, కళకు సంబంధమేమిటని అడగవచ్చు. పీపాలో ద్రాక్షసారా ఎంత పడుతుందో కంటితో అంచనా కట్టడం, మూడు తెలిస్తే నాలుగోది రాబట్టే అనుపాతం, ఇవే ఆ బడుల్లో ముఖ్య పాఠాలు. చిత్రకారుడూ, అతనికి పని అప్పగించే వర్తకుడూ అవే పాఠాలు చదివి వచ్చినవారు. దూరాన్ని కొలతగా గోడ మీద చూపించే దృక్కోణ చిత్రణ వచ్చినప్పుడు, దాన్ని చూసి మెచ్చుకోగల కళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అంతటి చిత్రకారుడు స్వయంగా వర్తకుల లెక్కల పుస్తకం ఒకటి రాశాడు.

పాత నమ్మకాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వడ్డీ పాపమని చర్చి చెప్పేది, వర్తకులు హుండీల (ఒక ఊళ్ళో సొమ్ము కట్టి మరో ఊళ్ళో తీసుకునే పత్రాల) మారకపు ధరలో వడ్డీని దాచేవారు, ఆ తరువాత రాత్రుళ్ళు నరకాన్ని తలచుకుని కుమిలేవారు. 1399లో దాతీనీ తెల్లని వస్త్రం కట్టి, చెప్పులు లేకుండా పశ్చాత్తాప యాత్రకు బయలుదేరాడు. వెనకాల గుర్రాల మీద, కంచర గాడిద మీద జున్నులు, రొట్టెలు, మిఠాయిలు నడిచాయి. ఈ మనిషిని మధ్యయుగం వాడనాలో కొత్త యుగం వాడనాలో నేను తేల్చుకోలేకపోయాను. తేల్చవలసిన అవసరం కూడా లేదేమో.

ఆ పాపభీతే చివరికి రాయిగా మారింది. 1410లో చనిపోతూ దాతీనీ ఆస్తిలో అత్యధిక భాగాన్ని ప్రాటో పేదలకు రాసి, ఫ్లోరెన్సులో దిక్కులేని పిల్లలకు ఆశ్రమం కట్టడానికి 1,000 ఫ్లోరిన్లు (ఫ్లోరెన్సు బంగారు నాణేలు) కేటాయించాడు. ఆ పని పట్టు వర్తకుల శ్రేణి, అంటే వృత్తి సంఘం, చేతికి వచ్చి, 1419లో బ్రూనెల్లెస్కీకి అప్పగించబడింది. కంసాలి పని నేర్చినవాడు కావడంతో ఆయన అదే శ్రేణిలో సభ్యుడు. పునరుజ్జీవన వాస్తుకు తొలి కట్టడాల్లో ఒకటిగా చెప్పే ఆ ఆశ్రమం ముందు నేను ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను. ఒకసారి అడుగులతో కొలిచి చూశాను. స్తంభం ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం, వరండా లోతు మూడూ దాదాపు ఒకటే: పది బ్రాచోలు, అంటే సుమారు 5.8 మీటర్లు. బ్రాచో అంటే చెయ్యి, మన మూర వంటి కొలత. మధ్యయుగపు పెద్ద చర్చిలో నిలబడితే తల దానంతటదే పైకి లేస్తుంది, మనం చిన్నబోతాం. ఈ వరండాలో తల ఎత్తనక్కరలేదు. ఒక స్తంభం దగ్గర నిలబడితే మిగిలిన కట్టడమంతా లెక్క ప్రకారం ఊహించుకోవచ్చు. మారినదేమిటో నాకు పుస్తకాల కన్నా అక్కడే బాగా తెలిసింది.

అచ్చుయంత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. జర్మనీలోని మైన్జ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిల్ 1455 ప్రాంతంలో వచ్చింది, పదేళ్ళకు ఆ విద్య ఇటలీ చేరింది, ఆ తరువాత వెనీసు దానికి పెద్ద కేంద్రమైంది. ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానాన్ని వివరించిన పాచోలీ గ్రంథం 1494లో అక్కడే అచ్చయింది. మా వృత్తివాళ్ళందరూ నేటికీ ఆయన ఉప్పు తింటున్నవాళ్ళమే. అచ్చు కొత్త ఆలోచనలను ఎల్లలు దాటించింది, కానీ మొదలుపెట్టినది అది కాదు.

ఇక "మధ్యయుగ సమాజం పోయి" అన్న మాట. అది అందరికీ పోలేదు. 1378లో ఫ్లోరెన్సు ఉన్ని కార్మికులు తిరగబడి కొద్ది వారాలు నగరపాలనలో చోటు సంపాదించుకున్నా, ఆ వర్తక శ్రేణులే వారిని మళ్ళీ అణచివేశాయి. తస్కనీ పల్లెల్లో పంటలో సగం యజమానికి కొలిచే సగపాలు సేద్యం 20వ శతాబ్దం దాకా సాగింది. ప్లేగు తరువాత పనివాళ్ళు దొరక్క, నల్ల సముద్రపు రేవుల నుంచి బానిసలను, ఎక్కువగా ఆడపిల్లలను, తెచ్చి అమ్మడానికి ఫ్లోరెన్సు అనుమతించింది. దాతీనీ ఏకైక కుమార్తె జినేవ్రా తల్లి కూడా ఆ ఇంటి దాసీయే. మార్గెరీతా ఆ పిల్లను తన బిడ్డలా పెంచింది. ఆశ్రమంలోకి తొలి పసికందు 1445 ఫిబ్రవరిలో చేరింది. మొదటి ఏళ్ళలో ఆ తోరణాల కింద వదిలివెళ్ళిన పిల్లల్లో చాలామంది ధనికుల ఇళ్ళలోని అలాంటి దాసీలకు పుట్టినవారే.