చామనఛాయకు పసుపు టోపీ నప్పుతుందా? సమాధానం

నప్పుతుందండీ, ధైర్యంగా పెట్టుకోండి. చామనఛాయ కదా, విశాఖ బీచ్‌లో పసుపు టోపీతో తిరిగితే అందరూ నన్నే చూస్తారేమో అని అడిగారు. అదే రంగు పట్టుచీరలో పెళ్ళికి వెళ్తే ‘ఎంత బాగుందో’ అంటారు కదా. ముఖమూ అదే, రంగూ అదే.

కొనేటప్పుడు మాత్రం టోపీని తిరగేసి అంచు కింది వైపు చూడండి. అసలు సంగతి అక్కడే ఉంది. ఇసుక మీది వెలుతురు ఆ కింది వైపుకు తగిలి ముఖం మీద పడుతుంది. నేనొకసారి చిలకపచ్చ టోపీ కొన్నాను. ఫొటోల్లో బుగ్గలు, మెడ పచ్చగా పాలిపోయినట్టు వచ్చాయి. అప్పటినుంచి పైన ఏ రంగున్నా, కింద ముదురు నీలమో నలుపో ఉన్నదే తీసుకుంటున్నాను. కళ్ళకు గ్లేర్ కూడా తగ్గుతుంది.

కనుబొమలకు కాస్త పైగా తల చుట్టూ టేపు పెట్టి కొలవండి. 57 సెంటీమీటర్లు వస్తే చాలా కంపెనీల్లో మీడియం సరిపోతుంది. అంచు కనీసం 7.5 సెంటీమీటర్లు ఉండాలి. సముద్రపు గాలికి గడ్డం కింద తాడు తప్పనిసరి. కొప్పు పైకి వేస్తే టోపీ కూర్చోదు, జడ వేసుకోండి.

ఇక జనం చూపులంటారా, బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ గుంపులో వెనకున్నవాళ్ళకూ కనిపించాలనే మెరిసే రంగుల కోట్లు, టోపీలు వేసుకునేవారు. టెన్షన్‌గా ఉంటే ముందు రెండు మూడు రోజులు కూరగాయలకు వెళ్ళేటప్పుడు పెట్టుకోండి. బీచ్‌కి తెల్ల కాటన్ కుర్తా వేసుకోండి, పసుపు చక్కగా ఎత్తి చూపిస్తుంది.