తూటాల కొనుగోలు గురించి మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. టీవీలో ఎన్నికల గోల మొదలైంది, ఇక తూటాలు దొరకవేమోనని వెయ్యి నైన్ ఎంఎం పిస్తోలు తూటాలు ఒకేసారి కొనేస్తానన్నావు. రెండు రోజులు ఆగు, ముందు ఇది చదువు.

2012 డిసెంబరులో ఇక్కడ అమెరికాలోనే, కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలనూ ఆరుగురు పెద్దలనూ ఒకడు కాల్చి చంపాడు. ఆ పిల్లల అంత్యక్రియలు ఇంకా జరుగుతుండగానే, ఇక తుపాకుల మీద చట్టం వస్తుందని జనం దుకాణాల మీద పడ్డారు. ఆ జనంలో నేనూ ఉన్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మనిషికి మూడు పెట్టెలే అంటే తెల్లవారుజామున మీ అత్తయ్యను కూడా తీసుకెళ్లి వరుసలో నిలబెట్టాను. ఇరవై డాలర్లకు వచ్చే అయిదు వందల ట్వంటీటూ (చిన్న రకం) తూటాల పెట్టెను అరవైకి కొన్నాను. తీరా చూస్తే ఆ చట్టం రానే లేదు. 2013 ఏప్రిల్‌లో, కొనేవారి నేపథ్య తనిఖీని విస్తరించే ప్రతిపాదనకు సెనేట్‌లో 54 ఓట్లే వచ్చాయి, కావలసినవి 60.

కంపెనీలు ఎక్కువ తయారుచేయవచ్చు కదా అన్నావు. భయంతో వచ్చిన గిరాకీ భయంతోపాటే పోతుందని వాళ్లకు తెలుసు. 2016లో ట్రంప్ గెలవగానే ఇక చట్టం రాదని జనం భయం పోయింది, అమ్మకాలు పడిపోయాయి. తుపాకులూ తూటాలూ చేసే రెమింగ్టన్ కంపెనీ 2018లో దివాలా రక్షణ కోరింది, తూటా దొరకడమే గగనమైన 2020లో మరోసారి కోరింది! ఇక కొత్త యంత్రాలు ఎవరు పెడతారు?

నీకు ఇది కొత్తేమీ కాదు. 2023 జూలైలో ఇండియా బియ్యం ఎగుమతి ఆపిందనగానే ఇక్కడ మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం ఎగబడలేదా? మా ఇంట్లో మూడు బస్తాలకు పురుగు పట్టింది. తూటాలకు పురుగు పట్టదు కానీ ఎండా తేమా పడవు. టెక్సాస్ వేసవిలో గ్యారేజీలో పెట్టకు, ఇంట్లో చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టు.

నెలకు ఎన్ని కాలుస్తావో రాసుకో. రెండు పెట్టెలు కాలిస్తే రెండు పెట్టెలు కొను, పాతవి ముందు వాడు. ఎవరికీ ఎన్నికలు గుర్తులేని నెలల్లో ఆరు నెలల సరుకు సమకూర్చుకో. ధర పెరిగితే కొన్నాళ్లు ఖాళీ తుపాకీతో గురి చూడటం అభ్యాసం చెయ్యి. ట్వంటీటూ మాత్రం అలా ఖాళీగా నొక్కితే కొన్ని రకాలు పాడవుతాయి, దానికి ఉత్తుత్తి తూటాలు దొరుకుతాయి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. నీకు గ్రీన్ కార్డు ఉంది, నీ గదిలో ఉండే స్నేహితుడిది హెచ్-1బి. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీయే కాదు, ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ నేరం. నేను మీ అత్తయ్యను నిలబెట్టినట్టు నువ్వు అతణ్ణి వరుసలో నిలబెట్టకు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

ఆదివారం కాల్పుల అభ్యాసం చేసే రేంజ్‌కు రా. అరవై డాలర్ల పెట్టెలు ఇంకా రెండు మిగిలే ఉన్నాయి, కాల్చేద్దాం.

మీ మామయ్య