జన్యు సవరణ చేసిన కాటన్‌దొర సన్నాలు: విత్తనం దాచుకుంటే కేసు పెడతారా?

ప్రశ్న: మాది కోనసీమలో ఉప్పలగుప్తం మండలం. సముద్రం వైపు మూడున్నర ఎకరాలు ఉన్నాయి. దాళ్వాలో (రబీలో) కాలువ నీరు తగ్గగానే చేలో ఉప్పు తేలుతుంది. ఏటా కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) ఊడ్చి, ఆ పంటలోనే విత్తనం కట్టుకుంటాను. ఉప్పును తట్టుకునేలా జీన్ మార్చిన 1010 వచ్చిందని, బస్తాలు తెప్పిస్తానని ఒకరు మా ఊళ్లో అడ్వాన్సులు అడుగుతున్నారు. అది బీటీ పత్తి లాంటిదేనా? దానికి పేటెంటు ఉంటే, విత్తనం దాచుకున్నందుకు కేసు పెడతారా?
– ఒక రైతు

జవాబు: ముందు ఆ అడ్వాన్సు ఇవ్వకండి. మీరు విన్న రకం ఉన్న మాట నిజమే. 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) ఒకటి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మన 1010 నుంచే తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1 రెండోది. అయితే ప్రకటించిన రకం రైతు చేతికి రావాలంటే బ్రీడరు విత్తనం (మూల విత్తనం), దాని నుంచి ఫౌండేషన్ విత్తనం, ఆ తర్వాత సర్టిఫైడ్ విత్తనం వరుసగా పండాలి. సర్టిఫైడ్ బస్తాకు నీలి ట్యాగు ఉంటుంది, దాని మీద రకం పేరు, లాటు నంబరు, గడువు తేదీ ఉంటాయి. ట్యాగూ రసీదూ చూపలేనివారు ఏ పేరు చెప్పినా నమ్మవద్దు. చివరికి బస్తాలో ఉండేది మామూలు 1010 ధాన్యమే కావచ్చు.

ఇది బీటీ పత్తి లాంటిది కాదు. బీటీ పత్తిలో నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును తెచ్చి చేర్చారు, దాన్ని జన్యుమార్పిడి అంటారు. ఈ వరిలో బయటి జన్యువు ఏదీ లేదు. మొక్కలో ముందునుంచీ ఉన్న డీఎస్‌టీ అనే జన్యువు పనిచేయకుండా చేశారు, ఇది జన్యు సవరణ. దానివల్ల ఆకు మీది పత్రరంధ్రాలు తగ్గి, ఆకు నీటిని నిలుపుకుంటుంది. ఇలాంటి మొక్కలకు 1989 నాటి జన్యుమార్పిడి నిబంధనల్లోని ప్రధాన షరతుల నుంచి 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. ఈ పద్ధతి మంచిదేనని నా అభిప్రాయం. కానీ మినహాయింపు ఇచ్చాక ప్రయోగాల వివరాలు రైతుకు చెప్పనక్కరలేదనే ధోరణి నాకు నచ్చదు. ఉప్పు, చౌడు నేలల్లో దిగుబడి 9.66 నుంచి 30.4 శాతం వరకు పెరుగుతుందని చెప్పారు. కొన్ని సంఘాలు ఆ అంకెలను ప్రశ్నించాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ విమర్శను తోసిపుచ్చింది. ఈ వాదం తేలాల్సింది మీ చేను లాంటి చేలలోనే. మండలానికి రెండు మూడు చోట్ల పాత 1010 పక్కనే కొత్తదీ ఊడ్చి, కోత రోజున రైతులందరి ముందు తూకం వేయాలి.

ఇక పేటెంటు. మన పేటెంటు చట్టంలోని 3(జె) సెక్షన్ ప్రకారం మొక్కకు గాని, విత్తనానికి గాని, వంగడానికి గాని పేటెంటు ఇవ్వరు. వంగడాలకు ఉన్నది 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. దాని 39వ సెక్షన్ ప్రకారం, రక్షణ పొందిన రకమైనా సరే రైతు తన పంటలోని విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ నాటుకోవచ్చు, ఇరుగుపొరుగుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి సంచుల్లో అమ్మడం మాత్రం కుదరదు. పైగా రక్షణ పొందిన రకం, ఇస్తుందని చెప్పిన ఫలితం ఇవ్వకపోతే పరిహారం కోరే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు.

మరి పత్తి రైతు ఏటా విత్తనం ఎందుకు కొంటున్నాడు? పేటెంటుకు భయపడి కాదు. మన దగ్గర బీటీ జన్యువును దాదాపుగా హైబ్రిడ్లలోనే ఇచ్చారు. హైబ్రిడ్ గింజను మళ్లీ నాటితే చేను ఒకేలా రాదు. వరి స్వపరాగ సంపర్కం జరుపుకునే (తన పుప్పొడితోనే గింజ కట్టే) పంట కాబట్టి, మీరు కట్టుకున్న 1010 ఏళ్ల తరబడి 1010గానే ఉంటుంది. రేపు ఎవరైనా సవరించిన లక్షణాన్ని హైబ్రిడ్ వరిలో మాత్రమే పెట్టి అమ్మితే, చట్టంలో హక్కు ఉన్నా గాదెలో విత్తనం ఉండదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

జన్యువు మీది పేటెంటు సంగతీ తేలలేదు. బీటీ పత్తి జన్యువు పేటెంటు చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి విచారణకు తిప్పి పంపింది. ఆ తర్వాత ఇరుపక్షాలు రాజీ పడటంతో అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. జన్యు సవరణకు వాడే క్రిస్పర్ పద్ధతి మీద కూడా విదేశీ సంస్థలకు పేటెంట్లు ఉన్నాయి. వాటి లైసెన్సు సంగతి పరిశోధన సంస్థలు చూసుకోవాలి, ఆ భారం రైతు మీద పడకూడదు. 1010 మార్టేరు వరి పరిశోధన స్థానంలో ప్రజల డబ్బుతో, కృష్ణవేణి రకాన్ని ఐఆర్ 64 రకంతో సంకరం చేసి తీసిన రకం. దాన్ని సవరించి ఇచ్చే విత్తనం మీద ఎవరికి ఏ హక్కు ఉందో, ఏ షరతు ఉందో బస్తా కంటే ముందు తెలుగులో అచ్చువేసి రైతు సేవా కేంద్రంలో అంటించాలి. మీరు కూడా గ్రామసభలో ఇదే అడగండి.

జన్యుమార్పిడి వరికి మన దేశంలో అనుమతి లేదు. ఆ పేరుతో ఎవరు తెచ్చినా చేలో పడనీయకండి. 2006లో అమెరికాలో అనుమతి లేని జన్యుమార్పిడి వరి ఎగుమతి బియ్యంలో కలిసినట్టు బయటపడి, అక్కడి రైతులు మార్కెట్లు కోల్పోయారు. చివరికి ఆ విత్తన కంపెనీ 75 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. కాకినాడ రేవు నుంచి బియ్యం పంపుతున్న మనకు ఆ గతి పట్టకూడదు.

ఈ దాళ్వాకు మీ సొంత విత్తనమే చాలు. నారుమడిని ఉప్పు లేని మెరక మడిలో పోయండి. నారు కాస్త ముదిరాక, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువ పెట్టి ఊడ్వండి. కాలువలో మంచినీరు ఉన్నప్పుడే చేను నిండా పెట్టి, మురుగు బోదెలోకి తీసేయండి. ఒకటికి రెండుసార్లు అలా చేస్తే పైపొర ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. తెల్లగా పొర కట్టే పాలచౌడుకు జిప్సం వేసి డబ్బు వృథా చేసుకోకండి, అది కారుచౌడుకు (క్షార నేలకు) మందు. సార్వాకు (ఖరీఫ్‌కు) ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, ఎదిగాక కలియదున్నండి. సార్వాకు ఎంటీయూ 1061 (ఇంద్ర), మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలు ఉప్పును కొంత తట్టుకుంటాయి.

విత్తనానికి ఉంచే మడిలో ఈనిక దశలోనూ, కోతకు ముందూ దిగి, ఎత్తుగా లేచినవి, గింజ రంగు తేడాగా ఉన్నవి కేళీలుగా గుర్తించి వేళ్లతో సహా పీకేయండి. గట్ల పక్క వరుసలు విత్తనానికి వదలవద్దు. ఆరబెట్టాక పన్ను కింద పెడితే గింజ పటుక్కున విరగాలి. అప్పుడే గోనె సంచులకెత్తి, సంచి మీద రకం, ఏడాది రాసి పెట్టుకోండి.