మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. డాక్టర్ చెప్పింది చేయడం తప్ప నర్సుకు సొంతంగా పనేముంటుంది?

"డాక్టర్ వెనక ట్రాలీ తోసుకుంటూ తిరగడానికి నాలుగేళ్లు చదవాలా?" అని ఇంట్లో అంటున్నారని రాశారు. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేస్తానన్నప్పుడు మా నాన్న కూడా దాదాపు ఇదే మాట అన్నాడు, అందుకే కోపం రాలేదు. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. మొదట సర్జికల్ వార్డు, తర్వాత ఐసీయూ, ఇప్పుడు మెడికల్ వార్డు.

ఒక చిన్న లెక్క చెప్తాను. పెద్ద డాక్టర్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రౌండ్స్‌కి వస్తారు. ఒక్కో మంచం దగ్గర ఐదు నిమిషాలు ఉంటే ఎక్కువ. మిగతా టైమంతా పేషెంటు మా కళ్ల ముందే ఉంటాడు. మధ్యలో ఏదైనా తేడా వస్తే డాక్టర్‌ని పిలవాలా, ఇంకో అరగంట చూడాలా అన్నది నర్సే తేల్చుకోవాలి. మేం పిలవకపోతే ఆయనకు తెలిసే దారే లేదు.

ఒక రాత్రి సంగతి చెప్తే అర్థమవుతుంది. డిసెంబరు నెల. పాతబస్తీ నుంచి ఒక పెద్దావిడ కాలి పుండుకి అడ్మిట్ అయింది. ఎన్నో ఏళ్ల షుగర్. రాత్రి రెండున్నరకి కోడలు వచ్చి "సిస్టర్, అమ్మీకు ఘబ్రాహట్ హోరీ" అంది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. ఆ మాట విని "యాంగ్జైటీ అయ్యుంటుంది, నిద్ర పడుతుందేమో చూడండి" అన్నాడు. అతని తప్పేం లేదు, డిక్షనరీ ప్రకారం ఆ మాటకి అర్థం కంగారే. కానీ ఈ ఊళ్లో కొన్నాళ్లు పనిచేస్తే తెలుస్తుంది, గుండె దడైనా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, మా పేషెంట్లు వాడే మాట అదొక్కటే.

వెళ్లి చూశాను. ఆవిడ దుప్పటి కప్పుకుని వణుకుతోంది, నుదురు మాత్రం తడిగా, చల్లగా ఉంది. షుగర్ పడిపోయినా అలాగే చెమట పడుతుంది, అందుకని ముందు వేలికి గుచ్చి చూశాను. 168. పడిపోలేదు. బీపీ 90/60. సాయంత్రం 130 ఉన్నట్టు చార్టులో నేనే రాశాను. నొప్పి ఉందా అంటే లేదంది. చాలా ఏళ్లు షుగర్ ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. అది మాకు క్లాసులో చెప్పిందే, కానీ అర్ధరాత్రి ఆ టైముకి గుర్తు రావాలి. ఈసీజీ తీసి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి "ఘబ్రాహట్" అనే మాటే ఎత్తలేదు. "పదకొండో బెడ్, అరవై దాటిన షుగర్ పేషెంటు, చల్లటి చెమటలు, బీపీ 130 నుంచి 90కి పడింది, షుగర్ మామూలే, ఈసీజీ తీసి పెట్టాను, మీరొచ్చి చూడాలి సార్" అన్నాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. గుండెపోటే. తెల్లారేలోపు క్యాథ్ ల్యాబ్‌కి, అంటే గుండె రక్తనాళాల్లో అడ్డు చూసి స్టెంట్ వేసే గదికి తీసుకెళ్లారు.

ఈసీజీ చదివింది ఆయనే, స్టెంట్ వేసింది ఇంకొకరు. నేను చేసిందల్లా ఒక మాటని ఇంకో భాషలోకి మార్చడం, ఒకసారి వద్దన్నాక మళ్లీ ఫోన్ చేయడం. ఆ రెండో ఫోన్‌కి ధైర్యం కావాలి. మర్యాద తప్పకుండా పోట్లాడటం సిలబస్‌లో లేదు, డ్యూటీలోనే నేర్చుకోవాలి.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. మా వార్డులో కొత్తగా చేరిన ఒక మలయాళీ సిస్టర్‌తో నల్గొండ తాత ఒకాయన "కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా" అన్నాడు, అంటే కాళ్లు నొప్పిగా లాగుతున్నాయని. పాపం, మంచం చుట్టూ చూసి, ఎవరు గుంజుతున్నారని అడిగింది. ఇప్పుడు ఆమె నాకన్నా మంచి తెలంగాణ యాస మాట్లాడుతుంది.

సర్జికల్ వార్డులో ఉన్నప్పుడు ఆపరేషన్‌కి ముందు పేషెంటుని రెడీ చేయడం నా పని. వినడానికి గౌను తొడగడమే కదా అనిపిస్తుంది. కానీ పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుడక తీయించాలి. థియేటర్‌లో రక్తం ఆపడానికి కరెంటు పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. గోళ్ల రంగు తుడవాలి, లేకపోతే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ తప్పు రీడింగ్ చూపించొచ్చు. ఇవన్నీ చెప్పినా, పెళ్లైనప్పటి నుంచి మెడలోంచి తీయని పుస్తెలతాడు తీయమంటే ఎవరు తీస్తారు? మా ఇన్‌ఛార్జి సిస్టర్ డ్రాయర్లో పసుపు కొమ్ములు, దారం ఉండేవి. పసుపు కొమ్ము కట్టి, "అమ్మా, ఇది మెడలో ఉంటుంది, అది మీ ఆయన చేతిలో ఉంటుంది" అనేది. ఆ మాటతో చాలామంది ఒప్పుకునేవాళ్లు. తర్వాత ఆ నగలు లెక్కపెట్టి, ఇంటివాళ్లకిచ్చి, సంతకం తీసుకునేది కూడా మేమే. దొంగతనం మాట వస్తే మొదట అడిగేది మమ్మల్నే కాబట్టి ఆ కాగితం మాకు ప్రాణం.

మందులు ఇవ్వడం అందరికీ తెలిసిందే. సరైన పేషెంటు, సరైన మందు, డోసు, టైము, ఇచ్చే దారి (నోటితోనా, సూదితోనా), ఈ ఐదూ ప్రతిసారీ చూసుకోవాలి. పొటాషియం క్లోరైడ్ లాంటిది సెలైన్‌లో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే "కేస్ షీట్‌లో అలాగే రాసుంది సార్" అంటే మాకు సరిపోదు. తప్పు రాసుంటే ఇవ్వకుండా ఆపి అడగాలి.

ఇంటికి పంపేటప్పుడు టీచర్ అవతారం. దీంట్లో నేనొకసారి తప్పు చేశాను. ఒకాయనకి ఇన్సులిన్ ఇరవై యూనిట్లు రాశారు. ఎక్కడ గుచ్చుకోవాలి, చోటు ఎలా మార్చుకోవాలి, ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి, అన్నీ చెప్పాను. సిరంజి గురించి చెప్పలేదు. మన దగ్గర మామూలుగా దొరికే సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ రంగు మూతది 100 యూనిట్ల లెక్కది. ఆయన మెడికల్ షాపులో ఇచ్చిన నారింజ మూత సిరంజి తీసుకుని, బుద్ధిగా ఇరవై గీత దాకా లాగి, రోజూ పొడుచుకున్నాడు. అంటే ఒంట్లోకి వెళ్లింది ఎనిమిది యూనిట్లే. పది రోజుల తర్వాత షుగర్ నాలుగొందలు దాటి మళ్లీ అడ్మిట్ అయ్యాడు. డాక్టర్ డోసు పెంచబోతుంటే, "మీరు వాడే సిరంజి ఒకసారి చూపించండి" అన్నాను. భార్య సంచిలోంచి తీసింది. నాకు ముఖం చెల్లలేదు. నా పొరపాటేనని ఆయనకే చెప్పాను. "నువ్వన్నా అడిగినవ్ లే అమ్మా" అన్నాడు. ఇప్పుడు ఎవరిని ఇంటికి పంపినా సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి, వాళ్ల చేతే ఒకసారి లాగించి చూస్తాను.

2020లో గాంధీ ఆస్పత్రిని కోవిడ్‌కే కేటాయించినప్పుడు నా క్లాస్‌మేట్ అక్కడ డ్యూటీ చేసింది. ఇంటివాళ్లని లోపలికి రానివ్వని రోజులు. పీపీఈ కిట్‌లో, ఆవిరి పట్టిన కళ్లద్దాల్లోంచి చూస్తూ, పేషెంట్ల ముందు ఫోన్ పట్టుకుని పిల్లలతో వీడియో కాల్ చేయించేదట. దాని గురించి ఎక్కువ మాట్లాడదు, నేనూ అడగను.

కష్టాలు దాచను. నేను మొదట చేసిన ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రిపూట ఇరవై రెండు మంది పేషెంట్లకి నేనొక్కదాన్నే. మంచం మీద కదల్లేని వాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. అంతమందిలో ఎవరిని తిప్పానో, ఎవరిని తిప్పలేదో నాకే తెలిసేది కాదు. చార్టులో మాత్రం అందరినీ తిప్పినట్టు ఉండాలి. ఆ అబద్ధం రాయలేకే మానేశాను. మీ చెల్లి రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం కంటే ముందు "నైట్‌లో ఒక్కొక్కరికి ఎంతమంది పేషెంట్లు?" అని అడగమనండి. ఇక రాత పని గురించి చెప్పక్కర్లేదు, డ్యూటీలో సగం పెన్నుతోనే గడుస్తుంది. రాయకపోతే చేయనట్టే లెక్క.

చదువు విషయానికొస్తే, బీఎస్సీ నాలుగేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు. బైపీసీ ఉంది, ఇంట్లో స్తోమత ఉంది అంటే బీఎస్సీయే మంచిది, పైచదువులకీ టీచింగ్‌కీ దారి సులువు. నేను జీఎన్‌ఎం చేసి, తర్వాత పోస్ట్ బేసిక్ (జీఎన్‌ఎం వాళ్లు చేసే బీఎస్సీ) చేద్దామనుకుంటూ ఇప్పటిదాకా చేయలేదు. కాలేజీలో చేర్చే ముందు దానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, ప్రాక్టికల్స్‌కి ఏ ఆస్పత్రికి పంపుతారో కనుక్కోండి. పేషెంట్లు లేని ఆస్పత్రిలో నాలుగేళ్లు తిరిగినా చేతికి పని రాదు.

ఇంకేమైనా అడగాలంటే చెల్లినే అడగమనండి. ఈ వారం నాకు నైట్స్, జవాబు సాయంత్రానికి గానీ రాదు.