ప్లాటినం వేటలో డీఎల్‌సీ కొనాలా, వద్దా?

భీమవరం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పీఎస్5 కొన్నారు. ఎల్డెన్ రింగ్, విచర్ 3 డిస్కులు చేతిలో ఉన్నాయి. పీసీలో స్టీమ్ (పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం) ఖాతా కూడా ఉంది. రెండు గేముల్లోనూ ప్లాటినం, అంటే మిగతా ట్రోఫీలన్నీ గెలిస్తే వచ్చే పెద్ద ట్రోఫీ, కొట్టాలని ఉంది. డీఎల్‌సీలు (గేముకి విడిగా అమ్మే అదనపు భాగాలు) కొనకపోతే ట్రోఫీలు సగంలో ఆగిపోతాయా, కొంటే డబ్బు దండగేనా అని అడిగారు.

ప్లాటినం ఒక్కటే కావాలంటే పీఎస్‌లో ఏ డీఎల్‌సీ కొననక్కర్లేదండి. అసలు గేము ట్రోఫీలన్నీ వచ్చేస్తే ప్లాటినం పడిపోతుంది. డీఎల్‌సీ ట్రోఫీలు అదే గేము కింద వేరే గ్రూపుగా చేరతాయి, ఆ గ్రూపుకి ప్లాటినం ఉండదు. కాకపోతే కొత్త గ్రూపు చేరగానే 100 శాతం ఉన్న గేము పక్కన అంకె తగ్గి కనిపిస్తుంది. ఆ అంకె చూసి మనసు పీకేవాళ్ళు చాలామంది ఉన్నారు, డీఎల్‌సీల మీద అనవసరంగా ఎక్కువ ఖర్చు పెట్టేది కూడా వాళ్ళే. లెక్క చూస్తే 2020 అక్టోబరు నుంచి కాంస్యానికి 15, వెండికి 30, బంగారానికి 90, ప్లాటినానికి 300 పాయింట్లు. పది కాంస్యాలున్న డీఎల్‌సీ మొత్తం ఊడ్చినా వచ్చేది 150, అంటే సగం ప్లాటినం. ఈ పాయింట్లతో ట్రోఫీ లెవెల్ పెంచుకోవడమే ధ్యేయమైతే ఆ డబ్బుతో సేల్‌లో ఇంకో గేము కొనుక్కోవడం మేలు.

స్టీమ్‌లో పద్ధతి వేరు. అక్కడ గ్రూపులు లేవు, జాబితా అంతా ఒకటే. డీఎల్‌సీ మీ దగ్గర లేకపోయినా దాని అచీవ్‌మెంట్లు (స్టీమ్‌లో ట్రోఫీల్లాంటివి) మీ జాబితాలో కూర్చుంటాయి, అది కొని వాటినీ సాధించేదాకా ఆ గేము పర్ఫెక్ట్ (100 శాతం) లెక్కలోకి రాదు. బైండింగ్ ఆఫ్ ఐజాక్ రీబర్త్ మొదట 178 అచీవ్‌మెంట్లతో వచ్చింది. రిపెంటెన్స్ డీఎల్‌సీ వచ్చేసరికి అవి 637 అయ్యాయి. కాబట్టి స్టీమ్‌లో 100 శాతం కొట్టాలనుకుంటే గేము మొదలెట్టక ముందే జాబితా చివరిదాకా చదవండి. అందులో ఎన్ని డీఎల్‌సీలవి ఉన్నాయో చూసి, గేము ధరకి వాటి ధర కూడా కలిపి లెక్క వేసుకోండి. ఎక్స్‌బాక్స్‌లో అసలు గేముకి మామూలుగా 1000 గేమర్‌స్కోర్ (అక్కడి పాయింట్లు), డీఎల్‌సీ వస్తే మొత్తం పెరుగుతుంది. అక్కడ ప్లాటినం లాంటిది లేదు కాబట్టి ఆ అంకె పట్టించుకోకపోతే గొడవే లేదు.

ట్రోఫీల సంఖ్యని బట్టి డీఎల్‌సీ విలువ కట్టకూడదనడానికి మీ చేతిలో ఉన్న ఎల్డెన్ రింగే సాక్ష్యం. 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో ఒక్క ట్రోఫీ కూడా లేదు. అయినా డబ్బుకి తగ్గ ఆట ఇచ్చే డీఎల్‌సీల్లో నా లెక్కన అది ముందు వరసలో ఉంటుంది. దాంట్లోకి వెళ్ళాలంటే ముందు ఇద్దరు బాసుల్ని (పెద్ద శత్రువుల్ని), స్టార్‌స్కర్జ్ రాడాన్‌నీ, మోగ్‌విన్ ప్యాలెస్‌లో మోగ్‌నీ ఓడించాలి. ప్లాటినానికి కావాల్సిన రాన్నీ అనే పాత్ర క్వెస్ట్ కోసం రాడాన్‌ని ఎలాగూ ఓడించాలి, మోగ్ మాత్రం పక్కదారిలో ఉంటాడు, వెతుక్కుంటూ వెళ్ళాలి. ముగింపు చూశాక కొత్త జర్నీ (అదే పాత్రతో కథ మళ్ళీ మొదటినుంచి) మొదలెట్టమంటారా అని గేము అడుగుతుంది. అక్కడ వద్దనండి. ఒప్పుకుంటే రాడాన్‌నీ మోగ్‌నీ మళ్ళీ చంపాలి, పైగా డీఎల్‌సీ శత్రువులు కూడా బలపడి వస్తారు. డీఎల్‌సీ కొనే ఉద్దేశం ఉంటే మొదటి జర్నీలోనే పూర్తి చేయడం తేలిక.

ఇక ఎల్డెన్ రింగ్ ప్లాటినంలో చేజారేవి రెండు. మొదటిది బోల్ట్ ఆఫ్ గ్రాన్సాక్స్ అనే ఈటె. లెజెండరీ ఆయుధాలు తొమ్మిదీ ఏరాలి, వాటిలో ఇదొకటి, లేన్‌డెల్ నగరంలో ఉంటుంది. ఫారం అజూలాలో మాలికెత్‌ని ఓడించగానే లేన్‌డెల్ బూడిదైపోతుంది, ఇక ఆ ఈటె దొరకదు, ఇంకో జర్నీ ఆడాల్సిందే. డీఎల్‌సీలో దొరికే ఆయుధాలు ఈ లెక్కలోకి రావు. రెండోది ముగింపులు. మూడు ముగింపులకి మూడు ట్రోఫీలు, గేము మూడుసార్లు ఆడక్కర్లేదు. రాన్నీ క్వెస్ట్ చివరిదాకా పూర్తి చేసి పెట్టుకోండి. ఆఖరి బాస్ ఎల్డెన్ బీస్ట్‌ని చంపాక, మరికా విగ్రహాన్ని తాకకుండా మెయిన్ మెనూకి వచ్చేయండి. సేవ్‌ని క్లౌడ్‌కి ఎక్కించి, ఆ గేముకి ఆటో అప్‌లోడ్ ఆపేయండి. ఆపకపోతే కొత్త సేవ్ వెళ్ళి పాతదాని మీద కూర్చుంటుంది, ఇక్కడే ఎక్కువమందికి దెబ్బ తగిలేది. ఇప్పుడు ఎల్డెన్ లార్డ్ ముగింపు చూడండి, ట్రోఫీ పడ్డాక క్లౌడ్ సేవ్ దించుకుని రాన్నీ ముగింపు ఏజ్ ఆఫ్ స్టార్స్ చూడండి, మళ్ళీ దించుకుని లేన్‌డెల్ అడుగున త్రీ ఫింగర్స్ దగ్గరికి దిగి ఫ్రెంజీడ్ ఫ్లేమ్ తీసుకుని మూడోది చూడండి. కవచమంతా విప్పేస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఫ్లేమ్‌ని ఆఖరున పెట్టమనేది ఎందుకంటే, అది ఒంటికి పట్టాక మామూలుగా మిగతా ముగింపులు మూసుకుపోతాయి.

పీఎస్5 వెర్షన్ సేవ్‌లు యూఎస్‌బీకి ఎక్కవు, సోనీ చందా పీఎస్ ప్లస్ ఉంటేనే క్లౌడ్. మీ దగ్గరున్నది పీఎస్4 వెర్షన్ అయితే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతుంది, చందా ఖర్చు లేదు. స్టీమ్‌లో అయితే సేవ్ ఫోల్డర్‌ని పక్కన కాపీ పెట్టుకుని, ఆ గేముకి స్టీమ్ క్లౌడ్ ఆపి ఆడండి.

విచర్ 3 సంగతికి వస్తే, హార్ట్స్ ఆఫ్ స్టోన్ 2015 అక్టోబరులో, బ్లడ్ అండ్ వైన్ 2016 మేలో వచ్చాయి. మొదటిది పది గంటలు, రెండోది ఇరవై గంటల ఆట అని తయారుచేసినవాళ్ళే చెప్పారు, క్వెస్ట్‌లన్నీ వెతుక్కుంటే ఇంకా ఎక్కువే పడుతుంది. రెండూ కొనదగ్గవే. మొహమాటం లేకుండా కొనమని చెప్పగలిగే డీఎల్‌సీలు ఇలాంటివి కొన్నే. లెవెల్ 32 దాకా వచ్చాక మొదటిది, 34 దాటాక రెండోది మొదలెట్టండి. పాత సేవ్ పోయినా బెంగ లేదు, తయారుగా ఉన్న పాత్రతో నేరుగా డీఎల్‌సీలోకి దిగే దారి మెనూలోనే ఉంది. ప్లాటినానికి గేముని డెత్ మార్చ్‌లో (అన్నిటికన్నా కష్టమైన స్థాయి) పూర్తి చేయాలి, మధ్యలో ఒక్కసారి కూడా తగ్గించకండి. గ్వెంట్ (గేములోపలి పేకాట లాంటి కార్డుల ఆట) కార్డులన్నీ సేకరించే ట్రోఫీ దీనికన్నా ప్రమాదం. కొన్ని కార్డులు కథలో ఒక క్వెస్ట్ నడిచేటప్పుడే గెలుచుకోవాలి, కాబట్టి ఎదురైన ప్రతి వ్యాపారితోనూ ఆడుకుంటూ పోవాలి. బ్లడ్ అండ్ వైన్‌లో స్కెలిగె కార్డులకి విడిగా ఇంకో ట్రోఫీ ఉంది. గ్వెంట్ మీకు నచ్చకపోతే ఆ డీఎల్‌సీని కథ కోసం కొనండి, 100 శాతం ఆశ వదిలేయండి.

ఒక డీఎల్‌సీ ట్రోఫీలు కష్టమా తేలికా అని తెలుసుకోవడానికి శాతాలు చూస్తారు కదా, అక్కడ చాలామంది పొరబడతారు. స్టీమ్‌లో ఆ శాతం డీఎల్‌సీ కొన్నవాళ్ళలోంచి కాదు, గేము ఉన్న అందరిలోంచి లెక్క కడతారు. అందుకే డీఎల్‌సీవన్నీ చాలా అరుదుగా కనిపిస్తాయి. డీఎల్‌సీలో మొట్టమొదట పడే ట్రోఫీ శాతాన్నీ, అన్నిటికన్నా తక్కువున్న దాని శాతాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 8, చివరిది 6 అయితే మొదలెట్టినవాళ్ళలో ముప్పావు మంది పూర్తి చేశారన్నమాట, తేలికే. మొదటిది 8, చివరిది 0.4 అయితే మధ్యలో ఏదో గోడ ఉంది. అది కష్టమైన బాసా, వందల సార్లు ఒకే పని చేయించే గ్రైండా, ఆన్‌లైన్ ట్రోఫీనా అన్నది చదివి తెలుసుకున్నాకే డబ్బు తీయండి.

ఆన్‌లైన్ ట్రోఫీలున్న పాత గేము సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తొందరపడకండి. సర్వర్ మూస్తే ఆ ట్రోఫీ ఇక ఎవరికీ రాదు. పీఎస్3లో లాస్ట్ ఆఫ్ అస్ సర్వర్లు 2019 సెప్టెంబరులో, అదే పీఎస్3లో జీటీఏ ఆన్‌లైన్ 2021 డిసెంబరులో మూతపడ్డాయి. ఆన్‌లైన్‌వి ఉంటే వాటినే ముందు ముగించాలి, కథ ఎక్కడికీ పోదు.

కొన్ని డీఎల్‌సీలు కొనక్కర్లేకుండానే వస్తాయి. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్‌కి 2023 డిసెంబరులో ఇచ్చిన వల్హల్లా ఉచితం, ట్రోఫీలూ ఉన్నాయి. హాలో నైట్‌కి వచ్చినవన్నీ ఉచితమే, కానీ వాటిలో గాడ్‌మాస్టర్ ఆఖరి పాంథియాన్ (బాసులతో వరసగా తలపడే సవాలు) అసలు గేము మొత్తం కన్నా కఠినం. సైబర్‌పంక్ ఫాంటమ్ లిబర్టీ, హొరైజన్ బర్నింగ్ షోర్స్ పీఎస్4లో నడవవు, పీఎస్5 ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. దుస్తులు, రంగులు, ముందే లెవెల్ పెంచే ప్యాకులు మాత్రం సేల్‌లో ఎంతకిచ్చినా కొనకండి. పీఎస్ ప్లస్ క్యాటలాగ్‌లో (చందాతో వచ్చే గేముల జాబితా) ఆడుతున్న గేముకి డీఎల్‌సీ కొనేటప్పుడు కూడా ఆగి ఆలోచించండి, గేము క్యాటలాగ్ నుంచి తీసేస్తే మీరు కొన్న డీఎల్‌సీ అసలు గేము కొనేదాకా పనికిరాదు.

మన వైపు కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. సేవ్ రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే ఆ సేవ్ పాడవ్వచ్చు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేస్తే బ్యాటరీకి మారే వ్యవధి తగ్గి కన్సోల్ ఆరిపోకుండా నిలుస్తుంది. కానీ లో వోల్టేజీ ఉన్న లంక ఊళ్ళలో ఆ మోడ్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి వెళ్ళిపోయి బ్యాటరీని తినేస్తుంది, అలాంటి చోట టీవీ దగ్గర చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడం నయం. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో డౌన్‌లోడ్ నడుస్తోందని రెస్ట్ మోడ్‌లో వదలకండి, పూర్తిగా ఆపేయండి. నెట్ లెక్క కూడా ముందే వేసుకోండి. 40 ఎంబీపీఎస్ ఫైబర్ మీద 30 జీబీ దిగడానికి దాదాపు గంటా నలభై నిమిషాలు పడుతుంది. రోజుకి 2 జీబీ ఇచ్చే ఫోన్ డేటాతో అయ్యే పని కాదు.

చివరిగా డిస్కు. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళకి డిస్కులు కువైట్, దుబాయ్, అమెరికాల నుంచి బంధువులే తెస్తారు, డీఎల్‌సీ డబ్బులు నిజంగా పోయేది ఇక్కడే. పీఎస్‌లో డిస్కు ప్రాంతమూ డీఎల్‌సీ ప్రాంతమూ కలవాలి. ఇండియా ఖాతాలో కొన్న డీఎల్‌సీ అమెరికా డిస్కుకి అతకదు, గల్ఫ్ డిస్కుల్లో కొన్ని అతుకుతాయి, కొన్ని అతకవు. డిస్కు మీదా, కవరు వెన్ను మీదా పీఎస్4 గేముకి సీయూఎస్ఏ, పీఎస్5 గేముకి పీపీఎస్ఏ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. ఇక్కడ అమ్మే కాపీ మీద కోడ్‌తో అంకెలు కలిస్తే ధైర్యంగా కొనొచ్చు. కలవకపోతే స్టోర్‌లో ఆ గేముకి ఉచిత యాడ్-ఆన్ ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే దాన్ని దించి గేము తెరవండి, గేము దాన్ని గుర్తిస్తే డబ్బు పెట్టి కొన్నదాన్నీ గుర్తిస్తుంది. విచర్ 3కి అలాంటి ఉచితాలు 16 ఇచ్చారు. అమెరికా డిస్కే ఉంటే, అమెరికా ఖాతా ఒకటి తెరిచి అక్కడి గిఫ్ట్ కార్డుతో డీఎల్‌సీ కొని, ఆ ఖాతాకి మీ పీఎస్5లో కన్సోల్ షేరింగ్ ఆన్ చేయండి. తర్వాత మీ సొంత ఖాతాతోనే ఆడుకోవచ్చు, ట్రోఫీలు మీకే పడతాయి. సెకండ్ హ్యాండ్‌లో కంప్లీట్ ఎడిషన్ కొంటుంటే డీఎల్‌సీ డిస్కులోనే ఉందా, పెట్టెలో కోడ్ కాగితంగా వచ్చిందా అని అమ్మేవాళ్ళని అడగండి. కాగితమైతే ఆ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, మొదటి యజమాని వాడేసే ఉంటాడు.

పీఎస్ స్టోర్‌లో కొన్నది 14 రోజుల్లోపు వెనక్కి ఇవ్వొచ్చు, కానీ డౌన్‌లోడ్ మొదలుకాకుండా ఉంటేనే. కాబట్టి కోడ్ సరిచూసుకున్నాకే డౌన్‌లోడ్ నొక్కండి. స్టీమ్‌లో అయితే డీఎల్‌సీ కొన్న 14 రోజుల్లోపు, కొన్న తర్వాత గేము రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే తిరిగి తీసుకుంటారు.