అక్కకు వచ్చిన చదువు తమ్ముడికి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాది పల్నాడు. నేను మిరప కోతలకు వెళ్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. పాప ప్రభుత్వ బడిలో చదివి ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంది. బాబును ఒకటో తరగతి నుంచీ అప్పు చేసి ప్రైవేటు ఇంగ్లిష్ మీడియంలో చదివించాం. పదిలో 338 వచ్చాయి, లెక్కల్లో 39. పాలిసెట్ ర్యాంకు ఓ మోస్తరు. మా ఆయన రెండు లక్షలు అప్పు తెచ్చి విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంపీసీలో వేద్దామంటున్నారు. లేదంటే పాలిటెక్నిక్. ఏది మంచిది? అసలు వాడికి బుర్ర లేదేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి తేలుద్దాం. ఏటా ఫలితాలు రాగానే ఇదే భయంతో నా దగ్గరికి ఎంతోమంది తల్లులు వస్తారు. 2025 పదో తరగతి ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మాయిలు 84.09 శాతం పాసైతే అబ్బాయిలు 78.31 శాతమే, తెలంగాణలో కూడా అమ్మాయిలే ముందున్నారు. ఇంతమంది మగపిల్లలకూ బుర్ర లేదంటామా?

మీలాంటి ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇది. డబ్బు కొడుకు మీద పెడతారు, క్రమశిక్షణ కూతురికి నేర్పుతారు. పాప సాయంత్రం ఇంట్లోనే ఉండాలి, పని చేయాలి, పనయ్యాక పుస్తకం పట్టుకుంటుంది. బాబు మాత్రం "మగపిల్లాడు, తిరిగొస్తాడులే". రాత్రి తొమ్మిదింటికి వచ్చి అన్నం తిని ఫోన్ పట్టుకుని పడుకుంటాడు, ఎవరూ ఏమీ అనరు. జనవరి నుంచి మిరప సీజన్ మొదలైతే ఆదివారం టిక్కీలు (మిరప బస్తాలు) మోయడానికి వెళ్లి చేతిలో డబ్బుతో వస్తాడు. ఆ రోజు ఇంట్లో వాడికి దొరికే మెప్పు బడిలో ఏడాది మొత్తంలో దొరకదు. సరిగ్గా అప్పుడే పరీక్షలు దగ్గర పడతాయి. పైగా డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్న అన్నలు వీధిలో కనిపిస్తూనే ఉంటారు, చదివి ఏం లాభం అని పదిహేనేళ్లకే వాడు లెక్క వేసేసుకుంటాడు.

ఇక ఆ ప్రైవేటు బడి. ఇలాంటి పిల్లల నోట్సు చూస్తే ముచ్చటేస్తుంది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అందులోంచే ఒక పేరా చదివి తెలుగులో చెప్పమంటే రెండో లైన్ దగ్గర ఆగిపోతారు. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అంటే రెండు బై ఐదు అని రాస్తారు. బోర్డు మీదది దించుకోవడమే తప్ప అర్థమయ్యేలా వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అర్థం కాలేదని చెప్తే తిడతారని వాళ్లూ అడగలేదు. మీ పాప కింది తరగతుల్లో తనకు అర్థమయ్యే తెలుగులో నేర్చుకుని ఉంటుంది, ఆ పునాదే నిలబెట్టింది. ప్రభుత్వ బడి పిల్లలకు ట్రిపుల్ ఐటీ సీట్లలో అదనపు వెయిటేజీ ఉంటుంది కాబట్టి అదీ కలిసొచ్చింది. తక్కువనుకున్న బడే మేలు చేసిందమ్మా, బాధపడకండి కానీ ఇది మాత్రం ఒప్పుకోండి.

అందుకే కార్పొరేట్ ఎంపీసీ అంటే నాకు భయం. హోర్డింగుల మీద ఫొటోలు వేసే పిల్లలు కూర్చునే సెక్షన్ వేరు, లెక్కల్లో 39 వచ్చిన పిల్లాణ్ణి కూర్చోబెట్టే సెక్షన్ వేరు, ఫీజులో మాత్రం పెద్ద తేడా ఉండదు. భిన్నాలు రాని పిల్లాడు పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చుని ఏం చేస్తాడు? వారం వారం పెట్టే టెస్టుల్లో తనే చివర అని తెలుసుకుంటాడు, అంతే. దసరాకి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లనంటాడు, కట్టిన ఫీజు వెనక్కి రావడం కష్టం. రెండు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఆరు వేలు వడ్డీయే. ఆ బాకీ గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకుంటుంటే వాడికి చదువు ఎక్కుతుందా? కోపం తెచ్చుకోకండి, పదేళ్లు అప్పు చేసి చదివించినా ఒక్కరోజైనా పక్కన కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావురా అని అడిగారా? మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, వాడు చెప్పేది వినడానికి చదువు అక్కర్లేదు.

పాలిటెక్నిక్‌లోనే వేయండి, ప్రభుత్వ కాలేజీ దొరికితే మరీ మంచిది. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, దారేమీ మూసుకుపోదు. సీటు రాకపోతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్, అదీ తక్కువేం కాదు. అయితే డిప్లొమా మొదటి ఏడాదిలో లెక్కలు తప్పవు. ఈ సెలవుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల లెక్కల పుస్తకాలు, తెలుగు మీడియంవి, తెచ్చివ్వండి. రోజూ గంటన్నర చాలు, సందేహాలు ఫోన్లో అక్కను అడుగుతాడు. అక్కతో పోల్చి తిట్టడం మాత్రం ఈ రోజు నుంచే మానేయాలి, లేకపోతే ఆ ఫోన్ కూడా చేయడు. మీ బాబూ టిక్కీల పనికి వెళ్తుంటే, కాలేజీ రోజుల్లో అది వద్దు. వాడు తెచ్చే ఆ డబ్బు లేకపోతే ఇల్లు గడవదంటే, ఆ సంగతి వాడితో దాచకుండా మాట్లాడండి. కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచ్ పెట్టాలన్నది కూడా మీరూ మీ ఆయనా తేల్చేయకుండా ముందు వాణ్ణి అడగండి. వాడేమన్నాడో నాకు రాయండి.